పచ్చికళ్ళ సాక్షులు

డిసెంబరు 1

అడవి జంతువుల గణన సీజను మొదటి రోజు. పొద్దున్న ఆరున్నరకి పీతలంక రేవులో నావ ఎక్కాం. నేను, నూకరాజు బాబాయి, ఇద్దరమే. పదకొండేళ్ళ కిందట నేను ఈ పనిలో చేరినప్పుడు పంతొమ్మిది మంది ఉండేవాళ్ళం. ఐదు నావలు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం ఏదో ఒక గట్టు మీద అందరం కలిసి తినేవాళ్ళం.

పాటుకి నీళ్ళు బాగా తీశాయి. తొర్రిపాయలో మడచెట్ల వేళ్ళు నడుముదాకా బయటపడ్డాయి. మూడో మలుపు దగ్గర బురద మీద నీటికుక్కల అడుగులు కనిపించాయి. పక్కనే పెంట కూడా. పుల్లతో విప్పి చూశాను. కొయ్యింగ పొలుసులు, పీత డిప్పల ముక్కలు. ఇంకా తడి ఆరలేదు. గంట కిందటి వరకు ఇక్కడ ఉండి వెళ్ళాయన్నమాట.

అడుగులు లెక్కలోకి రావు. పెంట లెక్కలోకి రాదు. కెమెరా తీసిన బొమ్మ అసలే రాదు. ఏ బొమ్మనైనా ఎవరైనా పుట్టించగలిగే రోజులు వచ్చాక గణన కేంద్రంవాళ్ళు మనిషి మాట ఒక్కటే తీసుకుంటున్నారు. ఇద్దరు మనుషులు ఒకే సమయంలో కళ్ళారా చూడాలి. విడివిడిగా విచారణలో చెప్పాలి. రెండూ కలవాలి. ఆ ఇద్దరి కళ్ళలోనూ చూపుతెర, అంటే బొమ్మలు చూపించి, చూసిందంతా రికార్డు చేసే అద్దం, ఉండకూడదు. తెర ఉన్న కంటికి లేనిదాన్ని కూడా చూపించవచ్చు. తెర వేయించుకోనివాళ్ళని మా వైపు పచ్చికళ్ళవాళ్ళంటారు. ఇప్పుడు బడిలో చేరేటప్పుడే తెర వేసేస్తున్నారు కాబట్టి, పచ్చికళ్ళవాళ్ళు వెతికినా దొరకడం లేదు.

మడ అడవి బతికుందనడానికి వాళ్ళు తీసుకునే గుర్తు పిల్లతో ఉన్న నీటికుక్క. అది ఈ అడవిలో సాక్షుల కంటపడి మూడేళ్ళు కావస్తోంది. ఈ నెలాఖరులోగా కనబడకపోతే దీన్ని ఖాళీ అడవిగా రాసేస్తారు. ఏరు సముద్రంలో కలిసే అవతలి మొగ దగ్గర అడవిని అలాగే రాశారు. ఆర్నెల్లలో యంత్రాలు వచ్చి మడచెట్లన్నీ పీకేసి నాచుచెరువులు తవ్వాయి. తరవాతి తుఫానుకి ఆ వెనకున్న లంక మునిగింది. మా పీతలంక ఈ అడవి వెనకే ఉంది.

ఈ పూట కనిపించినవి: నక్క ఒకటి, అడవిపంది రెండు. నీటికుక్కలు లేవు.

డిసెంబరు 5

ఐదు రోజులకి నాలుగుసార్లు వెళ్ళాం. నీళ్ళ ప్లాంటులో జల్లెడలు కడిగే నా డ్యూటీని మధ్యాహ్నానికి మార్పించుకున్నాను.

ఈ రోజు జరిగింది రాయకుండా ఉండలేను. పాయ మధ్యలో పాత కొయ్యగుంజ ఒకటి నీళ్ళపైకి తేలి ఉంది. బాబాయి గెడ వేస్తూ నేరుగా దాని మీదికే పోనిచ్చాడు. నావ అదిరి నేను బోర్లా పడ్డాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ పాయల్లో తిరిగిన మనిషి.

"బాబాయ్, అది కనపడలేదా?"

గెడ బురదలో గుచ్చి నావని నిలబెట్టాడు.

"ఎడమ కంట్లో శుక్లం ముదిరిపోయింది, మాణిక్యం. కుడిదానికీ పొరే. దగ్గరవి కనపడతన్నాయి. ఎండ మీద పడితే అంతా తెల్లగా అయిపోద్ది."

"మరి ఆపరేషన్?"

"శుక్లం తీసి తెర పెడతారు. ఇప్పుడు ఉత్త అద్దం ఎవడూ పెట్టట్లేదంట. తెర పెడితే నేను సాక్షిని కాదు. నువ్వొక్కదానివే మిగులుతావు. ఒక్కళ్ళు చూత్తే ఏం లాభం?"

మోచేయి గీరుకుపోతే నీళ్ళతో కడుక్కున్నాను. ఇంకా ఇరవయ్యారు రోజులున్నాయి.

డిసెంబరు 10

బాబాయి కూతురు సత్యవేణి రేవు దగ్గర మా కోసం కాచుకుని ఉంది. పట్నంలో ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. నావ కట్టేదాకా ఆగి, నన్ను పక్కకి పిలిచింది.

"అక్కా, డాక్టరుగారు ఏమన్నారో నాన్న మీకు చెప్పేడా?"

"లేదు."

"శుక్లం ఉబ్బిపోయిందంట. ఏ రోజైనా కంట్లో ఒత్తిడి పెరిగిపోవచ్చంట. పెరిగితే ఇంక ఆపరేషన్ చేసినా చూపు రాదు. పది రోజుల్లో చేయించెయ్యమన్నారు. ఆయన నెలాఖరు అంటన్నాడు."

"నేను చెప్పి చూస్తానమ్మా."

"మీరు చెప్పకండి. మీరు ఆయన్ని తీసుకెళ్ళడం మానెయ్యండి. మీరెళ్తే ఆయనెలాగూ వత్తాడు."

ఆ పిల్ల కళ్ళలో తెరలు ఎండకి చిన్నగా మెరిశాయి. కోపంగా లేదు. బతిమాలుతోంది, అంతే. దాంతో నాకు మరీ కష్టమైంది.

రాత ముగించేముందు ఒక మాట. సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళి, రేపటి నుంచి నేను రానని చెప్పాను. ఆయన పళ్ళెంలో అన్నం కలుపుకుంటున్నాడు. తలెత్తలేదు. "అలాగే. నేనొక్కణ్ణే ఎల్తాను," అన్నాడు. ఆ చూపుతో ఒక్కడే మొగ దాకా వెళ్తే తిరిగి రాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రేపు ఆరున్నరకే రమ్మన్నాను.

డిసెంబరు 14

ఏమీ లేదు. పాయలో కొత్తగా చచ్చిన చేపలు కొన్ని తేలుతున్నాయి. మొగ అవతల యంత్రాల ఓడ లంగరు వేసింది. అడవిని ఇంకా ఖాళీగా రాయనేలేదు, వాళ్ళు మాత్రం అప్పుడే వచ్చి కూర్చున్నారు.

డిసెంబరు 17

చూశాను.

తొమ్మిదీ పది నిమిషాలు. ఎర్రమొగకి ఎగువన, వంగిన తెల్లమడ చెట్టు కింద. పెద్దది ఒకటి ముందుగా నీళ్ళలోంచి లేచింది. నోట్లో పండుగప్ప, పిల్లలకి అందేంత చిన్నది. దాని వెనకాల బురదగట్టు మీద రెండు పిల్లలు. వాటి బొచ్చు ఇంకా మెత్తగా, బూడిదరంగులో ఉంది. ఒకటి చేప తోక పట్టుకు లాగింది. రెండోది దాని మీదికెక్కి జారి నీళ్ళలో పడింది. తల్లి దాన్ని మెడ దగ్గర కరిచి పైకి తెచ్చింది. దూరం నలభై అడుగులు ఉంటుంది. నా గుండె చప్పుడికి అవి పారిపోతాయేమోనని భయం వేసింది.

బాబాయి నావ ముందు వైపు ఉన్నాడు. పిల్లల కిచకిచలు విని తల అటు తిప్పాడు. ఎండ సూటిగా ఆయన మొహం మీద పడుతోంది.

"ఎన్ని?" అన్నాడు గుసగుసగా.

"రెండు పిల్లలు. తల్లి."

"ఏం చేత్తన్నాయి?"

చెప్పాను. చేప, తోక, జారిపడడం, మెడ పట్టుకు లేపడం. అన్నీ చెప్పేశాను. చెప్పాక అర్థమైంది. ఆయన చూడలేదు. చూడని మనిషికి నేను సాక్ష్యం మొత్తం చేతిలో పెట్టేశాను.

అవి ఏడెనిమిది నిమిషాలున్నాయి. తరవాత గట్టు వెనక్కి వెళ్ళిపోయాయి. తిరుగుదారిలో రేవు కనబడుతుండగా నేనే అన్నాను, "చెప్పింది గుర్తుంది కదా బాబాయ్."

"గుర్తుంది," అన్నాడు.

డిసెంబరు 18

గణన కేంద్రంలో విచారణాధికారి వైదేహిగారు మమ్మల్ని విడివిడిగా పిలిచారు. ముందు నేను. ముప్పావు గంట అడిగారు. చెట్టు ఏ వైపు వంగింది, తల్లి ఏ వైపు నుంచి గట్టెక్కింది, పిల్లల బొచ్చు ఏ రంగు. అన్నీ చెప్పాను. నేను చూసిందే చెప్పాను కాబట్టి ఎక్కడా తడబడలేదు.

బాబాయి లోపల ఐదు నిమిషాలు కూడా లేడు.

బయటికొచ్చి గోడ పట్టుకుని మెట్లు దిగాడు. వెనకాలే వైదేహిగారు వచ్చి, "మాణిక్యంగారూ, రెండో సాక్షి చూడలేదని చెప్పారు. నమోదు కాదండి," అన్నారు. ఆవిడ గొంతులో కూడా బాధే ఉంది. బండిలో ఎక్కాక నేను ఆగలేకపోయాను. జీవితంలో ఎప్పుడూ ఆయన్ని అనని మాటలు అన్నాను. పదకొండేళ్ళు బురదలో పడి తిరిగింది ఇందుకేనా అన్నాను. ఒక్క మాటకి లంక మొత్తం నీళ్ళపాలు చేశావన్నాను.

అంతా విన్నాడు.

"చూసేనని చెప్తే తరవాత నా కళ్ళు పరీక్ష చేత్తారు," అన్నాడు. "నలభై అడుగుల్లో ఏదీ కనపడదని తేలిపోద్ది. అప్పుడు నీ మాట కూడా అబద్ధమే అవుద్ది. ఈ పదకొండేళ్ళు నువ్వు రాసిందంతా కొట్టేత్తారు. ఇప్పుడు నా ఒక్కడి మాటే పోయింది. నీది నిలబడుంది. ఇంకో మనిషిని వెతుక్కో."

"ఎవరున్నారు బాబాయ్?"



డిసెంబరు 20

పొద్దున్న నాలుగింటికి సత్యవేణి ఫోన్ చేసింది. బాబాయి ఎడమ కన్ను ఎర్రబడి, తలనొప్పితో వాంతులు. నేను వెళ్ళేసరికే ఆసుపత్రిలో చేర్చింది. ఒత్తిడి పెరిగిపోయిందన్నారు. మధ్యాహ్నం ఆపరేషన్ చేసి నొప్పి తగ్గించారు. ఆ కంటికి ఇక చూపు రాదు. కుడి కంటికి రెండు వారాల తరవాత శుక్లం తీసి తెర పెడతారు.

సత్యవేణి నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. టీ తెచ్చి ఇచ్చింది. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

డిసెంబరు 24

నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. ఉప్పుమడుల్లో పనిచేసే ముసలివాళ్ళని అడిగాను. చర్చి దగ్గర ఫాదరుగారిని అడిగాను. పడవల షెడ్డులో, రేషను వరసలో, అంత్యక్రియల దగ్గర కూడా అడిగాను. అందరికీ తెరలున్నాయి. తెర లేకపోతే బియ్యం ఇవ్వరు, బస్సెక్కనివ్వరు. ఇంక ఎవరు మాత్రం మానుకుంటారు? నాకైతే గణన కేంద్రంవాళ్ళు ఇచ్చిన మినహాయింపు చీటీ ఉంది.

సాయంత్రం పీతలంక చివర టీకొట్టులో ఒకతను నవ్వుతూ అన్నాడు. "పచ్చికళ్ళంటే మన బంగారయ్యే. తెర పెట్టుకుంటే ఆడు ఉచ్చులేసి చంపేవన్నీ రికార్డయిపోవా?"

బంగారయ్య వలలు కడతాడు. మనుషులతో కలవడు. పాయల్లో ఇంకేం చేస్తాడన్నది అప్పటిదాకా నేను అడగలేదు. ఆ మాటతో మూడేళ్ళుగా నీటికుక్కలు ఎందుకు కనపడటం లేదో నాకు అర్థమైంది.

డిసెంబరు 25

బంగారయ్య ఇంటికి వెళ్ళాను. యాభై అయిదేళ్ళుంటాయి. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. వెనక పెరట్లో ఇనప ఉచ్చులు వేలాడుతున్నాయి. దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"అవునండీ, చంపుతాను. నా వలలు ముక్కలు చేత్తాయి. నేను వారం రోజులు కట్టిన వల ఒక్క పూటలో చింపేత్తాయి. మీకు అవి ముద్దొత్తాయి. నాకు అవే ఆకలి."

"అడవి పోతే లంక పోతుంది, బంగారయ్యగారూ. మీ ఇల్లూ పోతుంది."

"పోనివ్వండి. నాకెవరున్నారు?"

ఎర్రమొగ ఎగువన తల్లీ పిల్లల్ని చూశానని చెప్పాను. ఆయన మొహంలో ఏదో కదిలింది.

"వంగిన చెట్టు కిందేనా?"

"అవును."

"తల్లి లేదండి. నిన్న నా ఉచ్చులో పడింది."

నేను అక్కడే గుమ్మం ముందు కూర్చున్నాను. ఎంతసేపున్నానో తెలీదు. లేచేసరికి తలుపు వేసి ఉంది.

డిసెంబరు 27

బాబాయిని ఇంటికి తెచ్చారు. జరిగిందంతా చెప్పాను. ఇంక వదిలేద్దామన్నాను. పిల్లలకి రెండు మూడు నెలలకి మించి ఉండవు, తల్లి లేకుండా బతకవు.

ఆయన ఎడమ కంటికి కట్టు ఉంది. కుడి కన్నుతో నన్ను వెతుక్కుంటున్నట్టు చూశాడు.

"మిగతాయి ఉంటాయి కదా. తండ్రి ఉంటాది, పోయినేటి పిల్లలుంటాయి. అయి కూడా తెచ్చి పెడతాయి. నేను చూసేను అలాగ." లేచి చొక్కా వెతుక్కున్నాడు. "సత్యా, నన్ను బంగారయ్య ఇంటికి తీసుకెళ్ళు."

సత్యవేణి వద్దంటుందనుకున్నాను. ఆయన చేయి పట్టుకుని బయల్దేరింది.

నూకరాజు బాబాయి బంగారయ్య గుమ్మం ముందు పదింటికి కూర్చున్నాడు. బంగారయ్య వచ్చి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. బాబాయి అక్కడే ఉన్నాడు. ఎండ నెత్తి మీద ఉంది. కట్టు కింద నుంచి నీరు కారుతుంటే సత్యవేణి తుడుస్తోంది. మూడు గంటలకి బంగారయ్య ఒక ముంతలో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

"ఆ కన్ను పోయిందా?"

"పోయింది."

"దేనికోసం?"

"చూద్దామని ఉండిపోయాను. కనపడలేదు."

బంగారయ్య ఆయనకెదురుగా మట్టి మీద కూర్చున్నాడు.

"నేను సాక్ష్యం చెప్తే, అవి ఉండే చోటు నీకెలా తెలుసని అడుగుతారు కదా?" అన్నాడు చివరికి.

"అడుగుతారు. దాస్తే సాక్ష్యం చెల్లదు," అన్నాను నేను.

"చెప్తే జైలు."

"అవును."

బాబాయి ముంత కింద పెట్టాడు. "నేను నిన్ను చెప్పమనట్లేదురా. రేపు మాణిక్యంతో నావ ఎక్కమంటన్నాను, అంతే. చూసేక నీ ఇష్టం."

డిసెంబరు 30

మొన్న, నిన్న ఏమీ కనపడలేదు. మొన్న ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు బంగారయ్య పాయల్లో ఉన్న తన ఉచ్చులన్నీ ఒక్కొక్కటే తీసి నావలో వేశాడు. మొత్తం పధ్నాలుగు. నేను లెక్కపెడుతుంటే తల దించుకున్నాడు.

ఈ రోజు పొద్దున్న ఆయనే దారి చూపించాడు. వంగిన చెట్టు దగ్గరికి కాదు, దానికి అవతల ఉన్న సన్నపాయలోకి. నావ పట్టనంత ఇరుకు. దిగి మోకాళ్ళ లోతు బురదలో నడిచాం. బొరియ ఒకటి చూపించి, ఒక మడచెట్టు వెనక కూర్చోమన్నాడు. దోమలు మొహం నిండా కుట్టాయి. రెండు గంటలు కదలలేదు.

పదిన్నరకి నీళ్ళు కదిలాయి. పెద్దది ఒకటి వచ్చింది. మెడ దళసరిగా, తల్లికంటే పెద్దగా ఉంది. తండ్రే అయుంటుంది. నోట్లో కొయ్యింగ. బొరియ ముందు పెట్టి కిచకిచమంది. లోపలి నుంచి పిల్ల వచ్చింది.

ఒకటే పిల్ల. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. చేప వాసన చూసింది కానీ కొరకలేకపోయింది. పెద్దది చేపని పళ్ళతో చీల్చి, మెత్తటి ముక్క దాని ముందు పెట్టింది. పిల్ల తినలేదు. మళ్ళీ ముందుకు తోసింది. మళ్ళీ తినలేదు. మూడోసారి నాకింది. నాలుగోసారి నోట్లోకి తీసుకుంది.

నేను బంగారయ్య వైపు చూశాను. నోరు చేత్తో మూసుకుని ఉన్నాడు. వేళ్ళ మధ్య నుంచి కన్నీళ్ళు కారుతున్నాయి. కానీ కళ్ళు మాత్రం మూయలేదు. మూస్తే సాక్ష్యం పోతుందని ఆయనకీ తెలుసు.

తిరిగి వస్తున్నప్పుడు నేను ఏమీ అడగలేదు. ఏం చూశావని కూడా అడగలేదు. ఆయనా నాకేమీ చెప్పలేదు.

డిసెంబరు 31

నా విచారణ అయ్యాక, ఈసారి నేను చాలాసేపు బయట బెంచీ మీద కూర్చున్నాను. బంగారయ్యని రెండు గంటలు విచారించారు. తలుపు తెరుచుకున్నప్పుడు ఆయన పక్కన ఇద్దరు అటవీ సిబ్బంది ఉన్నారు. వైదేహిగారి చేతిలో కాగితాలున్నాయి.

"రెండూ కలిశాయండి," అన్నారు. "చేప ముక్క ఎన్నిసార్లు ముందుకి తోసిందో కూడా కలిసింది. అడవికి మూడేళ్ళు గడువు."

"ఆయన?"

"ఆ చోటు ఎలా తెలుసని అడిగాను. మొత్తం చెప్పారు. తల్లిని చంపింది కూడా. మూడేళ్ళలో తొమ్మిది చంపానన్నారు. నేను రాయక తప్పదు."

బంగారయ్య నా ముందు ఆగాడు. "నూకరాజుకి చెప్పండి," అన్నాడు. ఏం చెప్పాలో అనకుండానే జీపు ఎక్కాడు.

బాబాయికి చెప్పాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సంతోషించాడో ఏడ్చాడో తెలీలేదు.

ఫిబ్రవరి 11

యంత్రాల ఓడ వెళ్ళిపోయింది. లంకలో జనం నన్ను ఆపి పలకరిస్తున్నారు. బాబాయి కుడి కంటికి తెర వచ్చింది. దూరంగా ఉన్న పడవ పేరు కూడా చదువుతున్నాడు. ఇక నావ ఎక్కడు. ఎక్కినా ఆయన చూసింది లెక్క కాదు. వచ్చే సీజనుకి పచ్చికళ్ళది నేనొక్కదాన్నే.

ఈ రోజు జైలుకి వెళ్ళాను. బంగారయ్యకి పద్దెనిమిది నెలలు వేశారు. కటకటాల అవతల సన్నగా కనిపించాడు. నేను తెచ్చిన జంతికల పొట్లం తీసుకున్నాడు కానీ విప్పలేదు.

"పిల్ల బతికిందాండి?"

అబద్ధం చెప్పడం తేలికే. ఆయన ఇంకా పదహారు నెలలు ఆ గోడల మధ్య ఉండాలి.

"తెలీదు. ఐదుసార్లు వెళ్ళాను. కనబడలేదు. బొరియ ముందు అడుగులు కూడా లేవు."

తల ఊపాడు. ములాఖత్ టైము అయిపోయిందని గార్డు వచ్చి నిలబడ్డాక అన్నాడు, "పిల్ల కాస్త ఎదిగేక బొరియ మార్చేత్తాయి. ఎర్రమొగ దాటేక ఎడం పక్క ఇసకదిబ్బ ఉంటాది. దాని వెనక చూడండి. ఎండపొద్దు వచ్చేక, తొమ్మిది తరవాత."

ఇసకదిబ్బ దాకా నేనెప్పుడూ వెళ్ళలేదు. ఒంటరిగా గెడ వేసుకుంటూ వెళ్తే మూడు గంటలు పడుతుంది. ఒక్కరు చూస్తే అది ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

రేపు పొద్దున్న ఆరింటికి పాటు. వెళ్తున్నాను.